పాత మిషను వెళ్ళిపోయే రోజు

రేవిళ్ళపాడు మిషన్ ఆసుపత్రికి కొత్త కంప్యూటరు వచ్చి తొమ్మిది రోజులైంది. పాతదాన్ని తీసుకుపోవడానికి శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు గుంటూరు నుంచి కంపెనీ వ్యాను వస్తుంది. ఆ శనివారం పొద్దున పదిన్నరకు, రికార్డుల గదిలో కంప్యూటరు మీద పనిచేసే సంతోషకుమారి గది తలుపు తీసింది.

పోయిన వారం ఆమెకు అక్కడి బీరువా అట్టడుగు అరలో ఒక రేకు పెట్టె దొరికింది. అందులో పదకొండు ఫ్లాపీలు. ఇప్పుడు వస్తున్న చిన్నవి కావు, అన్నం పళ్ళెమంత ఉండే ఎనిమిదంగుళాల పాతరకం. ఒక్కోదాని మీద ఒక్కో ఊరి పేరు, దాని కింద ఇక్కడ పనిచేసిన డాక్టర్ రెబ్కా చేతిరాతతో 'పురుగుమందు కొట్టేవాళ్ళు, 1984' అని ఉంది. రెబ్కా గారు కన్నుమూసి రెండేళ్ళయింది. పెట్టె సంగతి సూపరింటెండెంటు డాక్టర్ జక్రయ్య గారికి చెబితే, "పాత చెత్త. వదిలెయ్యమ్మా" అన్నారు.

సంతోషకుమారి వదలలేకపోయింది. ఆమె భర్త జయరావు పత్తి చేలో పడి చచ్చిపోయింది ఆ సంవత్సరమే. నవంబరు పందొమ్మిదిన, మందు కొట్టే డబ్బా వీపున ఉండగానే పడిపోయాడు. నోటి నిండా నురగ. పురుగుమందు తాగాడని చూసినవాళ్ళన్నారు. పోలీసులు అదే రాశారు. ప్రాణం తీసుకున్నవాడికని చర్చి పెద్దలు సమాధుల దొడ్డిలో చోటివ్వలేదు, గోడ అవతల పూడ్చారు. "నీతో పోట్లాట పడలేకే నా కొడుకు తాగాడు" అని అత్త ఆదెమ్మ ఆ రోజు నుంచీ అంటూనే ఉంది. ఆ అత్తాకోడళ్ళిద్దరూ నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నారు.

ఈ ఏడు మళ్ళీ చుట్టుపక్కల ఊళ్ళలో మందు కొట్టేవాళ్ళు పడిపోతున్నారు. ఇవన్నీ తాగి చచ్చిన చావులా, కొట్టి చచ్చిన చావులా అని తేల్చడానికి సోమవారం జిల్లా నుంచి విచారణ అధికారులు వస్తున్నారు. ఆసుపత్రిలో ఏమైనా పాత వివరాలుంటే చూపించమని ముందే కబురు పెట్టారు.

కంపెనీ మనిషి ఇమాం హుస్సేన్ వ్యాను కంటే ముందే బస్సులో వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆరేళ్ళ కిందట ఈ పాత కంప్యూటరును ఈ గదిలో బిగించింది కూడా అతనే. మూతకున్న మరలు విప్పబోతుంటే సంతోషకుమారి రేకు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"వీటిలో ఉన్నవి కొత్తదాంట్లోకి ఎక్కించాలి హుస్సేన్ గారూ."

అతను ఒక ఫ్లాపీ తీసి వెలుగులో తిప్పి చూశాడు. "కొత్తదాంట్లో ఇది పట్టదు మేడం. దాని నోరు అయిదుంపావు అంగుళాలే. విరిచి పెట్టినా దానికీ దీనికీ భాష కలవదు. ఇవి ఎత్తేశారు."

"ఎత్తేయడమంటే?"

"తయారీ ఆపేశారు. కంపెనీలన్నీ చిన్న సైజుకి మారిపోయాయి. ఈ ఎనిమిదంగుళాలవి తిప్పే డ్రైవు పాడైతే బెల్టు దొరకదు, చదివే హెడ్డు దొరకదు. జిల్లా మొత్తం మీద నాకు తెలిసి పనిచేసేది ఇదొక్కటే. ఇప్పుడు ఇదీ పోతోంది."

"పోయాక ఇవి ఎవరు చదువుతారు?"

"ఎవరూ చదవలేరు."

సంతోషకుమారి గోడవారగా ఉన్న బీరువా వైపు చూసింది. "అందులో ఎనభై ఏళ్ళ నాటి పుస్తకం ఉందండీ, ఈ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళ పేర్లు రాసింది. మా నాయనమ్మ పేరు కూడా ఉంది. ఇవాళ తీసి చదివినా చదవొచ్చు. ఇవి రాసి నాలుగేళ్ళేగా?"

ఇమాం హుస్సేన్ స్టూలు మీద కూర్చుని కాసేపు రెండు కంప్యూటర్ల వెనక భాగాలు చూశాడు. తరవాత సంచిలోంచి ఒక తీగ చుట్ట తీశాడు.

"ఒక దారుంది. రెండిటికీ మధ్య ఈ తీగ వేస్తాను. పాతది చదివి అక్షరం తరవాత అక్షరం చెబుతుంది, కొత్తది వింటూ రాసుకుంటుంది. నెమ్మదిగా పోనియ్యాలి, తొందరపడితే తప్పులొస్తాయి. ఒక్కో ఫ్లాపీకి పావుగంట వేసుకోండి. మూడింటికి వ్యాను వస్తుంది. ఈలోగా కరెంటు పోకూడదు."

ఒక్కో ఫ్లాపీ తీసి చూస్తూ రెండు వరసలుగా పేర్చాడు. పది ఒక పక్కన పెట్టాడు. పదకొండోది చేతిలోనే ఉంచుకున్నాడు.

"దీనికి బూజు పట్టింది. చూడండి, ఈ తెల్లటి మచ్చ. ఇది లోపల తిరిగితే ఆ బూజు డ్రైవు హెడ్డుకి అంటుకుంటుంది. ఆ తరవాత మిగతావి చదువుతుందో లేదో చెప్పలేను. అలాగని దీన్ని చివర్న పెట్టుకుంటే, మధ్యలో కరెంటు పోతే టైము చాలకపోవచ్చు. ఏది ముందు పెట్టమంటారు?"

ఆ ఫ్లాపీ మీద ఉన్న పేరు రేవిళ్ళపాడు.

తన ఊరిది. జయరావు పేరంటూ ఉంటే అందులోనే ఉండాలి. ఇమాం హుస్సేన్‌కి ఆ సంగతి తెలియదు. ముందు అదే పెట్టమనడానికి ఒక్క మాట చాలు. మిగతా పది మీద పేర్లున్న ఊళ్ళు ఆమె ఎరిగినవే. ఆ మనుషుల్లో సగం మంది ఈ వరండాలో చీటీలు పట్టుకుని నిలబడ్డవాళ్ళే. కొందరు ఇప్పటికీ మందు కొడుతున్నారు.

"ముందు ఆ పదీ కానివ్వండి," అంది.

పదకొండింటికి మొదలుపెట్టారు. పాత మిషను డ్రైవు పెద్దగా గరగరలాడింది. కొత్తదాని తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఒక్కో వరసే రావడం మొదలైంది. పేరు, వయసు, మూడుసార్లు తీసిన రక్తపరీక్ష అంకెలు. ఆ అంకెల సంగతి సంతోషకుమారికి తెలుసు. పురుగుమందు ఒంటికి పట్టినకొద్దీ రక్తంలో ఒక పదార్థం తగ్గిపోతుంది. నూరుండాల్సింది యాభైకి దిగితే ఆ మనిషిని చేలోకి పంపకూడదు. ఇరవై అయిదుకి దిగితే ప్రాణం మీదికి వచ్చినట్టే. మరియదాసు, ముప్పై రెండేళ్ళు, తొంభై ఆరు, అరవై, నలభై నాలుగు. మదార్‌బీ, ఇరవై ఎనిమిదేళ్ళు, తొంభై, డెబ్భై ఒకటి, యాభై అయిదు. అందరి అంకెలూ దిగుతూనే ఉన్నాయి. ఎవరివీ ఎక్కలేదు.

ఒంటి గంటప్పుడు కరెంటు పోయింది. ఇరవై నిమిషాల తరవాత వచ్చింది. ఏడో ఫ్లాపీ మళ్ళీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది. ఇద్దరిలో ఎవరూ అన్నానికి లేవలేదు. రెండున్నరకు పదీ అయిపోయాయి.

ఇమాం హుస్సేన్ ఆసుపత్రి దూదీ స్పిరిటూ అడిగి తెప్పించుకున్నాడు. బూజు పట్టిన ఫ్లాపీని నడిమి కంతలోంచి వేలితో కొద్ది కొద్దిగా తిప్పుతూ, కనిపించినంత మేరా తుడిచాడు. దూది నల్లబడింది. మొదటిసారి పెడితే మిషను చదవలేదు. తీసి మళ్ళీ తుడిచాడు. రెండోసారీ చదవలేదు.

"ఇంకొక్కసారి చూద్దాం," అన్నాడు.

మూడోసారి తెర మీద వరసలు కదిలాయి. సగం అక్షరాలు చెడిపోయాయి. కొన్ని పేర్లు అర్థం పర్థం లేని గుర్తులైపోయాయి. సంతోషకుమారి తెర మీద నుంచి చూపు తిప్పలేదు. ఇరవయ్యో వరసో ఇరవై ఒకటో, చెక్కుచెదరకుండా వచ్చింది.

బి. జయరావు. ఇరవై తొమ్మిదేళ్ళు. జూలై, తొంభై నాలుగు. అక్టోబరు, యాభై ఒకటి. నవంబరు పది, ఇరవై మూడు.

ఆ పక్క గడిలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఫలితం మనిషికి తెలియజేయలేదు, సూపరింటెండెంటు గారి ఉత్తర్వు. తేదీ నవంబరు పదిహేడు.

ఆమె ఆ వరస మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. ఏం జరిగిందో ఇమాం హుస్సేన్‌కి తెలియలేదు గానీ, ఆమె మొహం చూసి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు. అదే సమయంలో గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. జక్రయ్య గారు. అరవై దాటిన మనిషి, సన్నగా, తెల్ల చొక్కాలో. ఆయన్ని చూడగానే ఇమాం హుస్సేన్ వ్యాను వచ్చిందేమో చూసొస్తానని వరండాలోకి వెళ్ళిపోయాడు.

"వదిలెయ్యమన్నాను గదమ్మా," అన్నారు జక్రయ్య గారు.

"అన్నారు. ఎందుకో చెప్పలేదు." సంతోషకుమారి తెర ఆయనకు కనబడేలా తిప్పింది. "ఈ ఉత్తర్వు మీదేనా అయ్యగారూ?"

ఆయన వంగి చదివారు. పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు.

"నాదే."

"పదో తారీకున రక్తం తీశారు. పందొమ్మిదిన మనిషి పోయాడు."

"ఫలితం మా చేతికి వచ్చింది పదహారున."

"మూడు రోజులుంది గదండీ!"

"ఉంది." ఆయన గొంతు తగ్గింది. "ఆ పరీక్ష మాకప్పుడు కొత్త. మద్రాసు పంపి రెండోసారి చూపించాక చెబుదామన్నాను. ఆ నెల పత్తికి పచ్చపురుగు ముమ్మరంగా ఉంది, వందల ఇళ్ళు మందు కొట్టే పని మీదే తింటున్నాయి. మా అంకెలు తప్పయితే వాళ్ళ కూడు పడగొట్టినట్టవుతుందనుకున్నాను. రెబ్కా నాతో పోట్లాడింది. మనిషి పోతే ఎవరు తెచ్చిస్తారండీ అంది. ఒక్క వారం ఆగమన్నాను."

"సరే. పోయాక?"

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగారు.

"పోయాకైనా చెప్పొచ్చు గదా? నా మొగుడు తాగి చావలేదని చెప్పడానికి మద్రాసు కాగితం కావాలా మీకు? ఆయన్ని గోడ అవతల పూడుస్తుంటే మీరక్కడే ఉన్నారు. వానకి గొడుగు పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. దేవుని చిత్తం అమ్మా అన్నారు నాతో!"

"భయపడ్డాను సంతోషకుమారీ. ఆసుపత్రికి చెడ్డపేరు వస్తుందని, నలుగురూ రావడం మానేస్తారని. నాకు నేను అదే చెప్పుకున్నాను. నిజానికి నా గురించే భయపడ్డాను."

ఇంతకాలం ఆమె ఈ మనిషిని తండ్రి తరవాత తండ్రి అనుకుంది. మొగుడు పోయిన నాలుగో నెలలో పిలిపించి టైపు నేర్పించింది ఆయన. మిషను ముందు కూర్చోబెట్టి, చదువుకున్న పిల్లవి, కూలికి పోవద్దు అన్నది ఆయన. ఒక మాట అడగాలని నోటి దాకా వచ్చింది. అడిగితే ఈ మూడేళ్ళూ ఏమైపోతాయోనని ఒక్క క్షణం తటపటాయించింది. అడిగేసింది.

"నాకీ ఉద్యోగం అందుకేనా ఇచ్చారు?"

"అవును," అన్నారాయన.

కాదంటారనుకుంది. కాదంటే అరవొచ్చు, తిట్టొచ్చు. అవునన్న మనిషిని ఏమనాలో ఆమెకు తోచలేదు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"సోమవారం ఇవన్నీ వాళ్ళకిస్తాను."

"ఇవ్వు. నేను సంతకం పెడతాను. ఆ ఉత్తర్వు నాదేనని కూడా రాసిస్తాను." ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "కానీ నీకు తెలియాల్సింది ఒకటుంది. రెబ్కా ఈ మాట రాసింది శనివారం. ఆదివారం ఆవిడ నా మాట కాదని మీ ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చి నా మొహం మీదే చెప్పింది. ఉద్యోగంలోంచి తీసేస్తే తీసేయండి, జయరావు వాళ్ళింట్లో చెప్పేసి వచ్చాను అని."

"మా ఇంటికి ఎవరూ రాలేదండీ!"

అనేసిన తరవాత గుర్తొచ్చింది. ఆ ఆదివారం తను ఇంట్లో లేదు. జయరావుతో మాటా మాటా వచ్చి, గురువారం నాడే చీరాలలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చింది శవం దగ్గరికే.

వ్యాను మూడుంపావుకి వచ్చింది. ఇద్దరు మనుషులు పాత మిషనును చెరో పక్కా పట్టుకుని మోసుకుపోయారు. అది ఉన్న చోట బల్ల మీద దుమ్ము పట్టని చదరం ఒకటి మిగిలింది. ఇమాం హుస్సేన్ మొత్తం వివరాలు రెండు కొత్త ఫ్లాపీల్లోకి ఎక్కించి ఆమె చేతికిచ్చాడు.

"రెండూ ఒక్కచోట పెట్టొద్దు మేడం. బొంబాయిలో అప్పుడే మూడున్నర అంగుళాలవి వచ్చాయంటున్నారు. ఇంకో అయిదారేళ్ళకి ఇవీ ఎత్తేస్తారు. మిషను మార్చినప్పుడల్లా, పాతది పోకముందే వీటిని కొత్తదాంట్లోకి ఎక్కించుకోవాలి. అన్నిటికంటే ముందు కాగితం మీద అచ్చు తీసుకోండి."

ఆమె అచ్చు తీసింది. అంచులకు చిల్లులున్న పొడుగాటి కాగితం, మడత మీద మడతగా ముప్పై పేజీలు. రేవిళ్ళపాడు పేజీ ఇంకొకటి తీసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

ఇంటికి చేరేసరికి అయిదైంది, ఇంకా ఎండగానే ఉంది. ఆదెమ్మ అరుగు మీద కూర్చుని గోంగూర ఆకు కోస్తోంది. కోడల్ని చూసి తలెత్తలేదు.

"ఇయ్యాల పెందలాడే వచ్చావేంది?"

సంతోషకుమారి ఎదురుగా కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. "అత్తా, ఆయన పోవడానికి ముందు రోజు డాక్టరమ్మ మనింటికి వచ్చిందా?"

ఆదెమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఎవరు చెప్పారు నీకు?"

"వచ్చిందా, లేదా?"

వీధిలో పత్తి విత్తనాల బస్తాలతో బండి ఒకటి వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా ఆదెమ్మ అటే చూస్తూ కూర్చుంది.

"వచ్చింది," అంది చివరికి. "వాణ్ణి చేలోకి పంపొద్దంది. నెల రోజులు ఆ మందు వాసనే తగలకూడదంది. సరేనన్నా. వాడు అప్పుడు ఇంట్లో లేడు. వచ్చాక చెబుదామనుకున్నా. వచ్చాడు, అన్నం ముందర కూర్చుని మెతుకు ముట్టలా. చేతులు వణుకుతున్నాయి. నువ్వు అలిగి పోయిన బెంగ అనుకున్నా. ఇంట్లో కూర్చుంటే ఇంకా దిగులు పెట్టుకుంటాడు, పనికి పోతే మనసు మళ్ళుద్దిలే అనుకున్నా. డాక్టరమ్మ మాట చెప్పలా. పొద్దున్నే నేనే లేపా. ఒళ్ళు బాగోలేదమ్మా అన్నాడు. పోరా, నలుగురిలో పడితే అదే పోద్దని నేనే సద్ది కట్టిచ్చి పంపా."

"నాలుగేళ్ళ నుంచి నన్నంటున్నావు గదత్తా."

"నిన్ననకపోతే నన్ను నేను అనుకోవాలి. అది నావల్ల కాలా." ఆదెమ్మ కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. "ఎన్నిసార్లు చెప్పబోయానో ఆ దేవుడికే తెలుసు. నువ్వు పొద్దున లేచి నాకు కాఫీ పెట్టిచ్చినప్పుడల్లా చెబుదామనిపించేది."

కోపం రావాల్సిన చోట సంతోషకుమారికి కోపం రాలేదు. ఒళ్ళంతా అలసట కమ్మింది. సంచిలోంచి కాగితం తీసి అరుగు మీద పరిచింది.

"ఆయన తాగలేదత్తా. ఇందులో ఉంది. నువ్వు పంపినా పంపకపోయినా, మేం పోట్లాడుకున్నా పోట్లాడుకోకపోయినా, మందు అప్పటికే ఒంటికి పట్టేసింది. తాగలేదు."

"వాడి పేరు ఏది?"

సంతోషకుమారి చూపించింది. చదువు రాని ఆదెమ్మ గోంగూర పసరంటిన వేలు చీరకు బాగా తుడుచుకుని, ఆ వరస మీద పెట్టింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. అప్పుడు ఏడ్చింది. నాలుగేళ్ళలో కోడలి ముందు ఆమె ఏడవడం అదే మొదలు.

ఏడుపు ఆగేదాకా సంతోషకుమారి కదలకుండా కూర్చుంది. ఆ తరవాత మెల్లగా అడిగింది.

"సోమవారం వాళ్ళు వస్తారు. కాగితం నేనిస్తా. జక్రయ్య గారు సంతకం పెడతానన్నారు. డాక్టరమ్మ వచ్చి చెప్పిందన్న మాట మాత్రం చెప్పడానికి నువ్వొక్కదానివే ఉన్నావు. నలుగురి ముందూ చెబుతావా అత్తా? నేనే పంపానన్నది కూడా?"

ఆదెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెబుతా. గోడ అవతల నుంచి నా కొడుకుని ఇవతలికి తెస్తారంటే ఏదైనా చెబుతా." కాగితం చేతిలోకి తీసుకుంది. "అయితే నేను నోరు తెరిస్తే మొత్తం చెప్పాల్సొస్తదే. ఆ రోజు డాక్టరమ్మ ఒక్కతే రాలా."

"ఇంకెవరొచ్చారు?"

ఆదెమ్మ వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకసారి చూసింది. కాగితం మడిచి కోడలి చేతిలో పెట్టింది.

"లోపలికి రా. ముందు తలుపెయ్యి."